ఒక్క రోగి చాలిన చోట, ఎనభై ఏళ్ళు పట్టిన చోట

1934 జూన్ 2 నాటి లాన్సెట్ వైద్య పత్రికలో ఒక చిన్న ఉత్తరం అచ్చయింది. రాసినావిడ డాక్టర్ మేరీ వాకర్. లండన్ గ్రీనిచ్‌లోని సెయింట్ ఆల్ఫెజ్ ఆసుపత్రిలో ఆమె అసిస్టెంట్ మెడికల్ ఆఫీసరు. పేరుమోసిన న్యూరాలజీ కేంద్రమేమీ కాదది, పేదల కోసం వెలిసిన ఆసుపత్రి. ఆ వార్డులో ఉన్న 56 ఏళ్ళ మహిళకు మయస్థీనియా గ్రేవిస్ అనే కండరాల జబ్బు. ఆమెకు ఫైసోస్టిగ్మిన్ ఇంజెక్షన్ ఇస్తే ఏమైందో వాకర్ ఆ ఉత్తరంలో రాశారు. వాలిపోయిన ఎడమ కనురెప్ప పైకి లేచింది. చేతుల్లో బలం వచ్చింది. జారిపోతున్న దవడ కొంత నిలబడింది. మింగడం తేలికైంది. రెండు నుంచి నాలుగు గంటల్లో మందు ప్రభావం మెల్లగా దిగిపోయింది.

అంతే. ఒకే ఒక్క రోగి. మందు ఇవ్వకుండా పోల్చి చూసిన మరో గుంపు లేదు, లెక్కలు లేవు. అయినా ఆమె చూసింది నిజమేనని ఏడాది తిరక్కుండానే తేలిపోయింది. తొంభై ఏళ్ళు దాటినా మయస్థీనియా రోగికి డాక్టర్లు మొట్టమొదట రాసే మాత్ర ఆ మందు కుటుంబానికి చెందినదే.

ఇక రెండో కేసు. 1936లో అమెరికాలో ఆల్ఫ్రెడ్ బ్లాలక్ అనే సర్జన్, ఇదే జబ్బుతో బాధపడుతున్న ఒక యువతి ఛాతీలోంచి థైమస్ గ్రంథికి పుట్టిన గడ్డను తీసేశాడు. తర్వాత ఆమె బాగా కోలుకుంది. 1939లో ఆయన ఆ కేసును ప్రచురించాడు. ప్రపంచమంతటా సర్జన్లు ఆ ఆపరేషన్ చేయడం మొదలుపెట్టారు. గడ్డ లేని రోగులకు కూడా థైమస్ తీసేయడం నిజంగా మేలు చేస్తుందని గట్టి రుజువు దొరికింది మాత్రం 2016లో.

జబ్బు ఒకటే. రెండుచోట్లా ఆధారం ఒక్క రోగే. ఒకటి వెంటనే నిలబడితే, రెండోదానికి ఎనభై ఏళ్ళు ఎందుకు పట్టింది? ఇది డాక్టర్లు మాత్రమే పట్టించుకోవాల్సిన ప్రశ్న కాదు. "మా బంధువుకి ఫలానా మందుతో పూర్తిగా తగ్గిపోయింది" అనే మాట మన ఫోన్లలోకి రోజూ వస్తూనే ఉంటుంది. దాన్ని ఎప్పుడు నమ్మాలి, ఎప్పుడు ఆగి ఆలోచించాలి అన్నదానికి ఈ రెండు కేసుల కన్నా మంచి పాఠం నాకు వైద్య చరిత్రలో కనిపించలేదు. ముందు ఈ జబ్బు సంగతి చూద్దాం.

బలం ఉంటుంది, నిలవదు

పొద్దున లేవగానే మనిషి దాదాపు మామూలుగానే ఉంటాడు. మధ్యాహ్నానికి ఒక కనురెప్ప వాలుతుంది. సాయంత్రం బండి నడుపుతుంటే ఎదురొచ్చే లారీ రెండుగా కనిపిస్తుంది. ఒక కన్ను మూసుకుంటే మళ్ళీ ఒకటే అవుతుంది. అన్నం మొదటి ముద్దలు బాగానే నములుతాడు, సగం కంచం అయ్యేసరికి దవడ మొరాయిస్తుంది. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నమలాల్సి వస్తుంది. ఫోన్లో మాట్లాడేకొద్దీ గొంతు ముక్కులోంచి వస్తున్నట్టవుతుంది. తాగిన నీళ్ళు ముక్కులోకి ఎగదన్నుతాయి. బట్టలు ఆరేయడానికి ఎత్తిన చేతులు ఆరేయకముందే దిగిపోతాయి. కాసేపు పడుకుంటే మళ్ళీ తేరుకుంటాడు. స్పర్శ పోదు, తిమ్మిర్లు ఉండవు, బుర్ర పూర్తిగా చురుగ్గా ఉంటుంది.

ఈ తీరును 1672లోనే ఇంగ్లండ్ వైద్యుడు థామస్ విల్లిస్ లాటిన్‌లో రాసిపెట్టాడు. ఒక మహిళ కాసేపు గబగబా మాట్లాడితే చాలు, ఆమె నోట మాట ఆగిపోయేదట. చేపలా మూగబోయి, మళ్ళీ గొంతు రావడానికి గంటో రెండు గంటలో పట్టేదని ఆయన వర్ణన. స్కానింగులు లేవు, రక్తపరీక్షలు లేవు. పక్కన కూర్చుని ఓపిగ్గా చూశాడు, అంతే. ఇవాళ ఆ నాలుగు వాక్యాలు చదివిన ఏ న్యూరాలజిస్టయినా జబ్బు పేరు చెప్పేస్తాడు.

నలభై లోపు వయసులో ఆడవాళ్ళకు, యాభై అరవై దాటాక మగవాళ్ళకు ఈ జబ్బు ఎక్కువగా వస్తుంది. అరుదైనదే గానీ వినని పేరు కాదు. అమితాబ్ బచ్చన్ తనకు 1980ల్లో ఈ జబ్బు వచ్చిన సంగతి బయటికి చెప్పారు. సుమారు సగం మందిలో మొదట కళ్ళ దగ్గరే మొదలవుతుంది. అలా మొదలైనవాళ్ళలో చాలామందికి రెండేళ్ళలోపే మిగతా కండరాలకూ పాకుతుంది. కొద్దిమందికి మాత్రం ఎప్పటికీ కళ్ళకే పరిమితమవుతుంది.

మన దగ్గర అసలు చిక్కు ఆసుపత్రి వేళలతోనే వస్తుంది. ఓపీ పొద్దున పూట. రాత్రంతా పడుకుని లేచిన రోగి పది గంటలకు డాక్టరు ముందు కూర్చుంటే రెప్ప బాగానే ఉంటుంది, మాట బాగానే ఉంటుంది. "ఏమీ లేదమ్మా, నరాల బలహీనత" అని బీ కాంప్లెక్స్ ఇంజెక్షన్లు రాస్తారు. లేదంటే "టెన్షన్ తగ్గించుకోండి" అంటారు. ముఖ్యంగా ఆడవాళ్ళు ఈ మాట విని విని, ఇంట్లోవాళ్ళు కూడా నమ్మక, నెలల తరబడి తిరుగుతారు. నిన్న సాయంత్రం వాలిన రెప్ప ఇవాళ పొద్దున వాలకపోవడమే ఈ జబ్బు లక్షణం. దాన్నే జబ్బు లేదనడానికి రుజువుగా తీసుకోవడం రోగికి జరిగే పెద్ద అన్యాయం. దీనికి చాలా తేలికైన ఉపాయం ఒకటుంది: పొద్దున లేవగానే ఒకటి, రాత్రి పడుకునే ముందు ఒకటి ఫోన్లో ముఖం ఫొటో తీసుకుని, వారం పాటివి కలిపి నరాల డాక్టరుకు చూపించడం.

నరం చెప్పిన మాట కండరానికి అందే చోట

నరం చివరకీ కండరానికీ మధ్య కంటికి కనిపించనంత సన్నటి ఖాళీ ఉంటుంది. నరంలో విద్యుత్ సంకేతం చివరిదాకా రాగానే, అక్కడి చిన్న సంచుల్లోంచి ఎసిటైల్‌కొలీన్ అనే రసాయనం ఆ ఖాళీలోకి విడుదలవుతుంది. అది అవతలి ఒడ్డున, కండరం మీద ఉన్న రిసెప్టార్లకు, అంటే ఆ రసాయనాన్ని పట్టుకునే చోట్లకు, అతుక్కోగానే కండరం బిగుసుకుంటుంది. పని అయిపోగానే ఒక ఎంజైము ఆ రసాయనాన్ని ముక్కలు చేసేస్తుంది. ఇదంతా సెకనులో అతి చిన్న వంతులో జరిగిపోతుంది.

నరం ఎప్పుడూ అవసరానికి మించే రసాయనం వదులుతుంది. వందమంది వస్తారంటే నూట యాభై మందికి వండించే పెళ్ళివారి పద్ధతి అది. కండరం వెంటవెంటనే పనిచేస్తున్నప్పుడు ఒక్కో విడతలో వదిలే రసాయనం కొంచెం కొంచెం తగ్గుతుంది, మామూలు మనిషిలో కూడా. కానీ మిగులు ఉంది కాబట్టి మనకు తెలీదు. మయస్థీనియాలో అవతలి ఒడ్డున రిసెప్టార్లు బాగా తగ్గిపోయి ఉంటాయి, అంటే ఆ మిగులు ముందే హరించుకుపోయింది. మొదటి కొన్ని విడతలు ఎలాగో సరిపోతాయి. తర్వాత ఒక్కో కండర తంతువూ సంకేతం అందక ఆగిపోతుంది. పొద్దున బాగుండి సాయంత్రానికి పడిపోవడం, మొదటి ముద్ద నమిలి పదో ముద్ద నమలలేకపోవడం వెనకున్న కారణం ఇదే.

1895లో బెర్లిన్‌లో ఫ్రీడ్రిష్ యోలీ దీన్ని కరెంటుతో చూపించాడు. రోగి కండరాన్ని మాటిమాటికీ విద్యుత్తుతో ప్రేరేపిస్తే అది ఒక్కోసారికీ బలహీనపడింది, విశ్రాంతి ఇస్తే కోలుకుంది. ఇప్పుడు నరాల ల్యాబుల్లో చేసే ఆర్‌ఎన్‌ఎస్ టెస్టుకు మూలం అదే. నరానికి సెకనుకు రెండు మూడు సార్లు చిన్న షాకు ఇస్తారు. నాలుగైదు షాకుల్లోపే కండరం స్పందన పది శాతం మించి తగ్గితే అది మయస్థీనియాకు బలమైన ఆనవాలు.

మేరీ వాకర్‌కు ఒక్క రోగి ఎందుకు సరిపోయింది

వాకర్‌కు ఆలోచన గాల్లోంచి రాలేదు. ఆమె ఆసుపత్రికి అప్పుడప్పుడు వచ్చే న్యూరాలజిస్టు డెరెక్ డెన్నీ బ్రౌన్, మయస్థీనియా చూస్తుంటే క్యురారే విషం ఎక్కినట్టే ఉంటుందని అన్నాడు. క్యురారే అంటే దక్షిణ అమెరికా ఆదివాసులు బాణాలకు పూసే విషం. దాని ప్రభావాన్ని ఫైసోస్టిగ్మిన్ కొంత విరుస్తుందని అప్పటికే తెలుసు. అది విషానికి విరుగుడైతే, విషం ఎక్కినట్టు కనిపించే జబ్బుకు ఎందుకు పనిచేయదు అని వాకర్ అనుకున్నారు, ఇచ్చి చూశారు. నరం నుంచి కండరానికి సంకేతాన్ని మోసేది ఎసిటైల్‌కొలీనే అని హెన్రీ డేల్ బృందం గట్టిగా చూపించింది 1936లో. అంటే మందు పనిచేయడాన్ని ఒక వార్డు డాక్టరు ముందే చూశారు, ఎందుకు పనిచేస్తుందో ల్యాబు తర్వాత చెప్పింది. ఫైసోస్టిగ్మిన్ ఆ ఎంజైమును అడ్డుకుంటుంది. రసాయనం ఇంకాస్త సేపు నిలుస్తుంది. మిగిలిన కొద్ది రిసెప్టార్లకే మళ్ళీ మళ్ళీ అందుతుంది.

ఇప్పుడు ఆ ఒక్క కేసును దగ్గరగా చూడండి. మార్పు చాలా పెద్దది. మూసుకుపోయిన కన్ను తెరుచుకుంది. చూడ్డానికి లెక్కలు అక్కర్లేదు. మార్పు త్వరగా వచ్చింది, గంటల్లో. మందు దిగగానే మార్పు పోయింది. మళ్ళీ ఇస్తే మళ్ళీ వచ్చింది. అంటే ఆ రోగికి పోలిక వేరే మనిషి కాదు, రెండు గంటల కిందటి ఆమే. వీటన్నిటి వెనక ముందే ఊహించిన ఒక కారణం కూడా ఉంది. ఇన్ని ఒకేచోట కలిసినప్పుడు ఒక్క రోగి సాక్ష్యం చాలా దూరం వెళ్తుంది. మరుసటి ఏడు, 1935లో, వాకర్ నియోస్టిగ్మిన్ అనే కొత్త మందుతో రోగిని లండన్‌లో డాక్టర్ల సభ ముందు కూర్చోబెట్టి ఈ మార్పును ప్రత్యక్షంగా చూపించారు. అనుమానపడ్డవాళ్ళు కళ్ళతో చూశారు.

అయితే ఆ కేసు రుజువు చేసింది ఏమిటో కూడా సరిగ్గా గుర్తుంచుకోవాలి. ఈ మందు కొన్ని గంటలు బలం ఇస్తుంది, అంతవరకే. జబ్బు తగ్గుతుందని కాదు, ఏళ్ళ తరబడి మనిషి బాగుంటాడని కాదు. వాకర్ తన ఉత్తరంలో అంతకు మించి చెప్పలేదు. ఆవిడ గొప్పతనం నాకు అక్కడే ఎక్కువగా కనిపిస్తుంది.

పసిబిడ్డలు, కట్లపాము, కుందేళ్ళు

రిసెప్టార్లు ఎందుకు తగ్గుతున్నాయి? ఈ ప్రశ్నకు మొదటి ఆధారాలు కూడా కేసుల్లోంచే వచ్చాయి. మయస్థీనియా ఉన్న తల్లులకు పుట్టిన బిడ్డల్లో కొందరు పుట్టగానే మెత్తగా ఉండేవారు, పాలు చీకలేకపోయేవారు, ఏడుపు సన్నగా ఉండేది. కొన్ని వారాల్లో దానంతటదే పూర్తిగా తగ్గిపోయేది. తల్లి జబ్బు మాత్రం అలాగే ఉండేది. అంటే తల్లి రక్తంలోంచి ఏదో బిడ్డకు చేరింది, అది అరిగిపోగానే బిడ్డ బాగుపడింది. ఇలాంటి ఆధారాలన్నీ కలుపుకుని స్కాట్లాండ్ న్యూరాలజిస్టు జాన్ సింప్సన్ 1960లో ఒక ప్రతిపాదన చేశాడు: శరీరం తన రిసెప్టార్లకే వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారుచేస్తోందేమో అని. నిరూపించే సాధనం అప్పటికి లేదు.

ఆ సాధనం పాము విషంలోంచి వచ్చింది. 1963లో తైవాన్‌లో సి. సి. చాంగ్, సి. వై. లీ అనే శాస్త్రవేత్తలు అక్కడి కట్లపాము విషం నుంచి ఆల్ఫా బంగారోటాక్సిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. అది ఎసిటైల్‌కొలీన్ రిసెప్టార్లకు అతుక్కుంటే ఇక వదలదు. దానికి రేడియోధార్మిక గుర్తు తగిలిస్తే కండరం మీద ఎన్ని రిసెప్టార్లు ఉన్నాయో లెక్కపెట్టొచ్చు. ఇక్కడ మన ఊరి సంగతి ఒకటి చెప్పాలి. 18వ శతాబ్దం చివర్లో విశాఖపట్నంలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు కోరమండల్ తీరపు పాముల మీద 1796లో ఒక గ్రంథం వేశాడు. అందులో పసుపు పట్టీల పాముకు ఇక్కడివాళ్ళు చెప్పిన తెలుగు పేరును, బంగారం పాము అని, అలాగే రాసుకున్నాడు. ఆ జాతికి బంగారస్ అన్న శాస్త్రీయ నామం అక్కడినుంచే వచ్చింది.

1973లో రెండు దారులు కలిశాయి. కాలిఫోర్నియాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో జిమ్ పాట్రిక్, జాన్ లిండ్‌స్ట్రామ్ షాకు కొట్టే ఈల్ చేప నుంచి తీసిన రిసెప్టార్‌ను కుందేళ్ళకు ఎక్కించారు. కుందేళ్ళు దానికి యాంటీబాడీలు తయారుచేశాయి. ఆ తర్వాత అవి చచ్చుబడి కూలబడ్డాయి. వాకర్ వాడిన కోవకు చెందిన మందు ఇస్తే కాసేపు లేచి నిలబడ్డాయి! అదే ఏడు జాన్స్ హాప్కిన్స్‌లో ఫాంబ్రో, డ్రాక్‌మన్, సత్యమూర్తి అనే ముగ్గురు పరిశోధకులు రోగుల కండరం ముక్కల్లో రిసెప్టార్లను పాము విషంతో లెక్కపెట్టారు. ఆరోగ్యవంతుల్లో ఉన్నవాటిలో 11 నుంచి 30 శాతం మాత్రమే మిగిలి ఉన్నాయి. 1975లో రోగుల రక్తంలోని యాంటీబాడీలను ఎలుకలకు ఎక్కిస్తే ఎలుకలకూ అదే బలహీనత వచ్చింది. 1976కల్లా రక్తంలో ఆ యాంటీబాడీలను కొలిచే టెస్టు తయారైంది. ఆ టెస్టులోనూ వాడింది బంగారోటాక్సినే.

అదే ఏడు ఇంగ్లండ్‌లో పించింగ్, పీటర్స్, న్యూసమ్ డేవిస్ అనే డాక్టర్లు ముగ్గురు రోగుల రక్తంలోంచి, యాంటీబాడీలుండే ద్రవభాగమైన ప్లాస్మాను తీసి మార్చారు. కొద్ది రోజుల్లో బలం వచ్చింది. మళ్ళీ యాంటీబాడీలు పెరిగేకొద్దీ వారాల్లో తగ్గింది. ముగ్గురంటే ముగ్గురే. వాకర్ కేసులో ఉన్న బలమే దీనిలోనూ ఉంది: తీస్తే తగ్గింది, పెరిగితే తిరిగొచ్చింది, కారణం ముందే తెలుసు.

పాము ప్రసక్తి ఎలాగూ వచ్చింది కాబట్టి ఒక మాట. మన పల్లెల్లో వర్షాకాలం నేల మీద పడుకున్నవాళ్ళను కట్లపాము రాత్రిపూట కరుస్తుంది. చాలాసార్లు నొప్పి ఉండదు, గాటు కనపడదు. తెల్లవారేసరికి కడుపునొప్పి, రెండు రెప్పలూ వాలిపోవడం, మింగలేకపోవడం. చూడ్డానికి అచ్చం మయస్థీనియాలాగే ఉంటుంది, కానీ గంటల్లో ముదిరి ఊపిరి ఆపేస్తుంది. నాగుపాము విషం ముఖ్యంగా రిసెప్టార్లను మూసేస్తుంది కాబట్టి యాంటీవెనంతో పాటు నియోస్టిగ్మిన్ ఇస్తే చాలావరకు ఫలితం ఉంటుంది. మన కట్లపాము విషం నరం చివరనే దెబ్బతీస్తుంది. విడుదల కావాల్సిన రసాయనమే లేనప్పుడు ఎంజైమును ఆపి లాభం తక్కువ. అందుకే చాలాసార్లు వాళ్ళను నిలబెట్టేది యాంటీవెనంతో పాటు వెంటిలేటరే. పొద్దున్నే హఠాత్తుగా రెండు రెప్పలూ వాలిన మనిషిని నరాల డాక్టరు అపాయింట్‌మెంటు కోసం ఆపకూడదు. నేరుగా క్యాజువాలిటీకే తీసుకెళ్ళాలి.

థైమస్ దగ్గర ఎందుకు చిక్కుపడింది

థైమస్ రొమ్ము ఎముక వెనక ఉండే చిన్న గ్రంథి. రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలు అక్కడే తయారై బయటికొస్తాయి. చిన్నతనంలో పెద్దగా ఉండి వయసుతో కుంచించుకుపోతుంది. మయస్థీనియా ఉన్నవాళ్ళలో పదిపదిహేను శాతం మందికి ఇందులో గడ్డ ఉంటుంది, చిన్న వయసు రోగుల్లో చాలామందికి గ్రంథి ఉబ్బి ఉంటుంది. జబ్బు తేలగానే ఛాతీకి సీటీ స్కాన్ తీయించేది దీనికోసమే. గడ్డ ఉంటే తీసేయాలి, అందులో వాదం లేదు. గడ్డ లేనివాళ్ళకు గ్రంథి తీయాలా వద్దా అన్నదే ఎనభై ఏళ్ళ వాదం.

బ్లాలక్ రోగికి మార్పు గంటల్లో రాలేదు. ఈ ఆపరేషన్ ఫలితం తెలియడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్ళు పడుతుంది. గ్రంథిని తీశాక మళ్ళీ పెట్టి చూడలేం. పైగా ఈ జబ్బు తనంతట తనే హెచ్చుతగ్గులవుతుంది. ఏ వైద్యమూ లేకుండానే కొందరికి కొన్నాళ్ళు పూర్తిగా తగ్గిపోతుంది కూడా. ఆపరేషన్ తర్వాత ఏడాదికి రోగి బాగుందంటే ఆపరేషన్ వల్లనా, ఎలాగూ బాగుపడేదా? చెప్పలేం. వందలమందిని చూసినా ఇబ్బంది పోలేదు. సర్జన్లు సాధారణంగా ఎంచుకునేది వయసులో ఉన్నవాళ్ళను, ఆపరేషన్ తట్టుకోగలవాళ్ళను. వాళ్ళు మిగతావాళ్ళకన్నా ఎలాగూ బాగా కోలుకునే గుంపే. ఆపరేషన్ అయినవాళ్ళు మెరుగ్గా ఉన్నారన్న రిపోర్టులు దశాబ్దాల పాటు వస్తూనే ఉన్నాయి, ఈ ప్రశ్న దశాబ్దాల పాటు అలాగే ఉండిపోయింది. 2000లో అప్పటిదాకా వచ్చిన 28 అధ్యయనాలను కలిపి పరిశీలించిన అమెరికన్ న్యూరాలజీ నిపుణులు కూడా మేలు ఉండొచ్చు గానీ రుజువు కాలేదనే తేల్చారు.

ఇక మిగిలింది ఒక్కటే దారి. ఎవరికి ఆపరేషన్ చేయాలో డాక్టరూ కాదు రోగీ కాదు, చీటీ నిర్ణయించాలి. ప్లాస్మా మార్పిడి ముగ్గురిలో చేసి చూసిన జాన్ న్యూసమ్ డేవిస్సే దీనికి నడుం కట్టాడు. పలు దేశాల ఆసుపత్రుల్లో 2006 నుంచి 2012 దాకా దాదాపు ఏడు వేలమందిని జల్లెడ పడితే, అర్హులై, ఒప్పుకుని, చివరికి చేరినవాళ్ళు 126 మంది. అందరికీ ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చారు. చీటీ ప్రకారం సగంమందికి థైమస్ కూడా తీశారు. బలాన్ని కొలిచే డాక్టరుకు ఎవరికి ఆపరేషన్ అయిందో తెలియనివ్వలేదు. మూడేళ్ళు వెంబడించారు. ఆపరేషన్ అయినవాళ్ళకు బలహీనత స్పష్టంగా తక్కువగా ఉంది, స్టెరాయిడ్ కూడా తక్కువ సరిపోయింది. రోజు విడిచి రోజు వేసుకునే మోతాదు సగటున 44 మిల్లీగ్రాములు, మిగతావాళ్ళకు 60. 2016 ఆగస్టులో ఫలితాలు వచ్చాయి. న్యూసమ్ డేవిస్ వాటిని చూడలేదు. 2007లో ఈ పరిశోధన పని మీదే రుమేనియా వెళ్ళి అక్కడ రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు.

ఈ ఫలితం అందరికీ వర్తించదు. 65 ఏళ్ళలోపు, ఎసిటైల్‌కొలీన్ రిసెప్టార్ యాంటీబాడీ ఉన్న, జబ్బు కళ్ళు దాటి పాకిన రోగులకే ఈ పరీక్ష జరిగింది. జబ్బు ఒళ్ళంతా పాకినవాళ్ళలో సుమారు 85 శాతం మందికి ఈ యాంటీబాడీ ఉంటుంది. కళ్ళకే పరిమితమైనవాళ్ళలో సగంమందికే ఉంటుంది. అందుకే నెగెటివ్ రిపోర్టు చూసి జబ్బు లేదని కొట్టిపారేయకూడదు. నెగెటివ్ వచ్చినవాళ్ళలో కొందరికి మస్క్ అనే మరో ప్రోటీన్ మీద యాంటీబాడీలు ఉంటాయని 2001లో తెలిసింది. వాళ్ళకు మెడ, గొంతు, ఊపిరి కండరాలు ఎక్కువగా దెబ్బతింటాయి. థైమస్ తీయడం వల్ల ఉపయోగం కనిపించలేదు. రిటుక్సిమాబ్ అనే మందు బాగా పనిచేస్తుంది. ఒకే పేరు కింద ఉన్నవి నిజానికి రెండు మూడు వేర్వేరు జబ్బులన్న సంగతి, అందరిలా లేని కేసులను డాక్టర్లు పక్కన పడేయకుండా జాగ్రత్త చేసుకోవడం వల్లే బయటపడింది.

కాబట్టి "ఫలానా కషాయంతో మయస్థీనియా మాయమైంది" అని వీడియో వస్తే నేను అడిగే ప్రశ్నలు ఇవి. ఎన్నాళ్ళకు తగ్గింది? ఆపితే తిరిగొచ్చిందా, మళ్ళీ వాడితే మళ్ళీ తగ్గిందా? పక్కన స్టెరాయిడ్ కూడా నడుస్తోందా? ఆర్నెల్లకు తగ్గింది, అదీ దానంతటదే తగ్గే స్వభావమున్న జబ్బులో అంటే, ఆ రోగి అబద్ధం చెప్పకపోయినా ఆ మాట ఏదీ రుజువు చేయదు. దాన్ని నమ్మి మాత్రలు ఆపేసినవాళ్ళు మాత్రం ఐసీయూలో తేలే ప్రమాదం ఉంది.

ఇంట్లో రోగి ఉంటే

వైద్యం ఇవాళ మెరుగ్గానే ఉంది. పిరిడోస్టిగ్మిన్ మాత్ర అరగంట ముప్పావుగంటలో పనిచేసి మూడు నాలుగు గంటలు నిలుస్తుంది. నమలడం కష్టమైనవాళ్ళు భోజనానికి అరగంట ముందు వేసుకుంటే ముద్ద దిగుతుంది. బాగా లేదని సొంతంగా మోతాదు పెంచుకుంటే నోట్లో నీళ్ళు ఊరడం, విరేచనాలు, కడుపులో మెలికలు వస్తాయి. మరీ ఎక్కువైతే ఆ మందే కండరాలను బలహీనపరుస్తుంది. జబ్బు మూలాన్ని అదుపు చేసేది స్టెరాయిడ్లు, అజాతయోప్రిన్ లాంటి మందులు. స్టెరాయిడ్ మొదలుపెట్టిన మొదటి రెండు మూడు వారాల్లో కొందరికి బలహీనత ఎక్కువవుతుంది. ఇది ముందే చెప్పకపోతే మందు పడలేదనుకుని మానేస్తారు. అజాతయోప్రిన్ ఫలితం కనిపించడానికి ఆర్నెల్ల నుంచి ఏడాది పడుతుంది. యాంటీబాడీలు రక్తంలో ఎక్కువకాలం నిలవకుండా చేసే ఎఫ్గార్టిజిమాడ్ లాంటి కొత్త మందులకు 2021 చివరి నుంచి అమెరికాలో అనుమతులు వస్తున్నాయి. వాటి ధర మామూలు కుటుంబం అందుకునేది కాదు.

ఇంతకన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. మనకు జ్వరం, దగ్గు వస్తే మెడికల్ షాపులో అజిత్రోమైసిన్ అడిగి తెచ్చుకుంటాం. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించుకుంటాం. జెంటామైసిన్, అమికాసిన్, సిప్రోఫ్లోక్సాసిన్, లెవోఫ్లోక్సాసిన్, అజిత్రోమైసిన్ ఇవన్నీ నరం, కండరం కలిసే ఆ చోటనే దెబ్బతీసి మయస్థీనియాను ముదరబెట్టగలవు. బీపీకి, గుండెకు వాడే బీటా బ్లాకర్లు, మలేరియాకు క్వినైన్, కాన్పుల్లో ఫిట్స్ రాకుండా ఇచ్చే మెగ్నీషియం ఇంజెక్షన్ కూడా అంతే. అందుకే జబ్బు పేరు, వాడుతున్న మాత్రలు, పడని మందుల జాబితా రాసిన చీటీ పర్సులో ఎప్పుడూ ఉండాలి. పంటి డాక్టరుకైనా, మత్తు డాక్టరుకైనా, కాన్పు చేసే డాక్టరుకైనా ముందు అది చూపించాలి.

జలుబో జ్వరమో పట్టుకున్నప్పుడు ఇంట్లోవాళ్ళు గమనించాల్సింది ఊపిరిని. వెల్లకిలా పడుకోలేక లేచి కూర్చుంటున్నారా, మెడ నిలబడటం లేదా, కఫం దగ్గి బయటికి తీయలేకపోతున్నారా చూడాలి. వేలికి పెట్టే ఆక్సీమీటర్ ఇక్కడ మోసం చేస్తుంది. ఊపిరి కండరాలు బాగా అలిసిపోయాక గానీ అందులో అంకె పడదు. దానికన్నా నమ్మకమైనది చాలామంది న్యూరాలజిస్టులు మంచం పక్కన చేసే పరీక్షే: నిండా గాలి పీల్చుకుని, మళ్ళీ పీల్చకుండా, ఒకటి, రెండు, మూడు అంటూ గట్టిగా లెక్కపెట్టమనడం. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు నలభై యాభై దాకా వెళ్తారు. జబ్బు నిలకడగా ఉన్న రోజుల్లోనే మీ మనిషి ఎంతవరకు లెక్కపెట్టగలరో రాసిపెట్టుకోండి. ఆ అంకె రోజురోజుకీ పడిపోతున్నా, ఇరవై దాకా కూడా రాకపోయినా, ఆక్సీమీటర్ 98 చూపిస్తోందని ఆగకుండా వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికి బయల్దేరాలి.